కుంటగడ్డ గుడిలో మా చోటు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను నవ్వేదాన్ని. పెళ్లికి ముందు సమాధుల పక్క నుంచే కట్టెలమోపు ఎత్తుకొని వచ్చేదాన్ని, ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు చెప్పేది జరిగాక కూడా దయ్యాలున్నాయని అనను. నా కళ్లతో చూసింది చూసినట్టు రాస్తాను. చదివినవాళ్లు ఏమనుకున్నా సరే.

నేను కాపురానికి వచ్చిన ఊరు కుంటగడ్డ. పంజాగుట్టకూ అమీర్‌పేటకూ నడుమ, పల్లంలో ఉండేది. ఊరంటే ఎంత, ఇరవై గుడిసెలుంటాయేమో. బంజారా గుట్టల బండల మీద పడ్డ వాన నీళ్లు జారిజారి మా కుంటలోకి వచ్చేవి. కుంట చుట్టూ పచ్చగడ్డి. పొద్దున్నే ఆ గడ్డి కోసి, మోపులు కట్టి, జట్కా గుర్రాలవాళ్లకు అమ్మేవాళ్లం. అదే మా బతుకు.

ఊళ్లో అందరం క్రైస్తవులం. చర్చిని మేం గుడి అనే అనేవాళ్లం. దాన్ని మా మామ తరం వాళ్లు కట్టుకున్నారు. ఆడవాళ్లు గుట్టల నుంచి రాళ్లు తలమీద మోశారట, గోడలకు కుంట మట్టే తవ్వి తెచ్చారట. పైన పెంకులు. ఒకటే తలుపు. ఎత్తున రెండు కిటికీలు, వాటికి ఇనుప చువ్వలు. పాస్టరయ్య ఆదివారం ఆదివారం సికింద్రాబాదు నుంచి సైకిలు మీద వచ్చేవాడు.

లోపల బెంచీలు లేవు, నేల మీదే కూర్చునేవాళ్లం. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. ఎవరి చోటు వాళ్లది. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అది అట్లా నడిచింది. మా అత్తమ్మా నేనూ ఎడమ గోడ పక్కన, కిటికీ కింద కూర్చునేవాళ్లం.

గుడి నేల అలికే పని మా అత్తమ్మది. శనివారం మధ్యాహ్నం పేడా ఎర్రమట్టీ కలిపి, ముందున్న ప్రార్థన బల్ల దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ తలుపు దాకా అలికేది. తన అడుగు కూడా మిగలకుండా బయటికి వచ్చి తాళం వేసేది. ఆ తాళంచెవి ఊరంతటికీ ఒక్కటే. అది ఆమె నడుముకే ఉండేది. చేత్తో అలికితే వేళ్ల గీతలు వంపులు వంపులుగా పడతాయి. అత్తమ్మ చెయ్యి ఎంత కుదురంటే, నేలంతా చేపపొలుసులు పరిచినట్టుండేది. వానాకాలంలో అది ఆదివారం పొద్దుటికి కూడా ఆరదు. అప్పుడు పైన చాపలు పరిచేవాళ్లం.

నేను వచ్చిన ఏడాది, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. వానలు మొదలైన నెలలో ఒక ఆదివారం చాపలు పరచడానికి ఇద్దరం పోయాం. మగవాళ్ల వైపు, స్తంభం దగ్గర ఒకచోట గీతలు లేవు. ఒక మనిషి బాసిపట్టు వేసుకుని కూర్చుంటే ఎంత మేర చెరుగుతుందో అంత మేర నున్నగా ఉంది. చుట్టూ తడి నేల. దాని మీద అడుగు లేదు, పిల్లి కాలి గుర్తు కూడా లేదు.

"కుక్క పండుకున్నదేమో అత్తమ్మా" అన్నాను.

"కుక్క చువ్వల్లకెల్లి ఎగిరొచ్చిందా బిడ్డా?" అని అత్తమ్మ నవ్వింది. చాప పరిచేసింది.

అది యాకోబు తాత చోటు. గురువారం నాడు తాత పోయాడు. ముసలివాడు, దగ్గు ఉంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. మేమూ అనుకోలేదు.

మూడు వారాల తర్వాత ఆ స్తంభానికి ఇవతల అట్లాంటి చోటే కనిపించింది. అక్కడ కూర్చునేది తాత అల్లుడు. ముప్పై ఏళ్ల మనిషి, జ్వరమంటే ఎరగడు. మళ్లీ శనివారం వచ్చేలోపు అతన్నీ మోసుకుపోయారు. ఆ ఏడు జ్వరాలు తిరుగుతున్న మాట నిజమే. కానీ ఆ రోజు నుంచి అత్తమ్మ నవ్వడం మానేసింది. "ఎవ్వరికి చెప్పకు. ఊరు బెదురుతది" అని మాత్రం అంది.

మూడోసారి అది మా చోట్లోనే ఉంది.

అత్తమ్మ చోటా నా చోటా అంటే చెప్పలేం. ఇద్దరం ఒదిగి కూర్చునేవాళ్లం. నాకప్పుడు అయిదో నెల. అత్తమ్మ ఆ నున్నటి నేలను చూసింది, నా కడుపును చూసింది. దాని మీద చాప పరిచి, నా చెయ్యి పట్టుకుని తలుపు పక్కకు తీసుకొచ్చి, "ఇయ్యాల గీడనే కూసుందాం" అంది.

తలుపు పక్కన సారమ్మ చోటు. సారమ్మ మా పక్కింటామె, నాకంటే రెండేళ్లు పెద్దది. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తల్లో గడ్డి కొయ్యడం చేతగాక వేళ్లు తెగితే పసుపు పెట్టి కట్టింది ఆమే. భర్త యుద్ధం పనులకు పోయాడు, కబురు లేదు. చంకలో ఆర్నెల్ల కూతురు. ప్రతి ఆదివారం ఆలస్యంగానే వచ్చేది.

ఆరోజూ పాట సగమయ్యాక వచ్చింది. ముందు వరస ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏందే సారమ్మా, పాస్టరయ్యను మళ్ల మొదటిసంది మొదలువెట్టమందామా?"

"దేవుడు ఏడికి వోతడక్కా, బిడ్డకు జర పాలిచ్చొచ్చిన" అంది సారమ్మ. తన చోట్లో మమ్మల్ని చూసి, "ఏం చెల్లె, నా జాగ గుంజుకున్నవా?" అని నవ్వింది. ఖాళీగా ఉన్నది మా చోటు ఒక్కటే. అటు నడిచింది.

నేను పిలుద్దామని చెయ్యి ఎత్తాను. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. సారమ్మ కిటికీ కింద బాసిపట్టు వేసుకుని, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది.

బుధవారం పట్టపగలు కుంట దగ్గర బట్టలు ఉతుకుతున్నాం. పాప ఇంటి దగ్గర అత్తమ్మ చేతిలో ఉంది. ఆమె పక్క రాతి మీదే నేనున్నాను. రాళ్ల దగ్గర మోకాళ్ల లోతు, దాటితే ఛాతీ లోతు నీళ్లు. చీర పిండడానికి అటు తిరిగాను. మళ్లీ ఇటు తిరిగితే సారమ్మ లేదు. కేక లేదు, నీళ్లు ఎగిరిన చప్పుడు లేదు. నేను అరిస్తే మగవాళ్లు వచ్చి దిగారు. ఎక్కడికో కొట్టుకుపోలేదు, రాతికి నాలుగడుగుల దూరంలోనే ఉంది. నీళ్లడుగున బాసిపట్టు వేసుకుని కూర్చునే ఉంది. కొంగు తలమీద అట్లానే ఉంది.

మూర్ఛ వచ్చి ఉంటుందన్నారు. వచ్చి ఉండొచ్చు. అంతకుముందు ఎన్నడూ రాలేదు.

పాప పేరు కరుణ. అత్తమ్మ ఎవరినీ అడగలేదు, ఎత్తుకుని మా ఇంటికి తెచ్చేసింది. నా కొడుకు పుట్టేదాకా మేకపాలు పట్టాం, ఆ తర్వాత ఇద్దరికీ నా పాలే.

పై శనివారం అత్తమ్మ మళ్లీ అలికింది. ఆదివారం తలుపు తీస్తే, మా చోట్లో నేల మళ్లీ నున్నగా ఉంది. వెనకటి వారం ఎక్కడుందో సరిగ్గా అక్కడే. అత్తమ్మ కరుణను నా చేతుల్లో పెట్టి, నన్ను దూరంగా కూర్చోమంది. చాప కూడా పరవలేదు. ఆ తడి నేల మీదే కూర్చుని, "పిలిచేదుంటే నన్ను పిలువు. పిల్లల జోలికి పోకు" అంది. ఎవరితో అందో తెలియదు.

ఆమెకు ఏమీ కాలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికింది. ఆ గుర్తు కూడా మళ్లీ ఎన్నడూ కనిపించలేదు. అది చావు గుర్తే అయితే అత్తమ్మ ఎట్లా బతికింది? కాకపోతే సారమ్మ నీళ్లలో అట్లా ఎందుకు కూర్చుంది? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

పట్నం పెరిగి కుంటను పూడ్చేశారు. గుడి గోడలు కూల్చిన రోజు నేను వెళ్లి చూశాను. మామూలు మట్టే. ఇప్పుడు అక్కడ ఏ మేడ కింద మా చోటు ఉందో చూపించమంటే నేనే చూపించలేను.

కరుణకు మనవలు పుట్టారు. అమ్మ ఎట్లా పోయిందని చిన్నప్పుడు అడిగేది. మూర్ఛ అని చెప్పేదాన్ని. ఈ కాగితాలు ముందు ఆమె చేతికే ఇస్తాను. అందుకని ఒక్క మాట ఉన్నదున్నట్టు రాయాలి. ఆరోజు అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది గానీ, గట్టిగా పట్టుకోలేదు. ముసలి చెయ్యి. విదిలిస్తే ఊడిపోయేదే. నేను విదిలించలేదు.