మా తమ్ముడిని ఊదమన్నవాళ్ళు

మా తమ్ముడి మూతి వాసన చూడని మనిషి మా వీధిలో లేడు. ఇస్త్రీ కొట్టువాడు బట్టలు అందిస్తూ ముక్కు ఎగబీలుస్తాడు. పక్కింటావిడ పలకరించే నెపంతో దగ్గరికొచ్చి, గాలి పీల్చుకుని, తృప్తి లేక వెళ్ళిపోతుంది. వాడు తాగి పడిపోయిన రోజుల్లో ఒక్కరూ దగ్గరికి రాలేదు. మానేశాక మాత్రం అందరికీ వాడి ఊపిరి మీద హక్కు పుట్టుకొచ్చింది.

వాడు చెక్క సామాన్లకు పాలిష్ పెట్టేవాడు. నాకు చాలా ఏళ్ళ తర్వాత పుట్టాడు, అమ్మ ఒళ్ళో కంటే నా చంకలోనే ఎక్కువ పెరిగాడు. లక్కను స్పిరిట్‌లో కరిగించి, దూది చుట్టిన గుడ్డతో వాడు రుద్దుతుంటే ఎండు చెక్కలో ప్రాణం కదిలేది. వాడి చెయ్యి పడిన బీరువా ముందు నిలబడి జడ వేసుకోవచ్చు.

ఆ స్పిరిట్ తాగే చెడిపోయాడని కొందరు కూశారు. అబద్ధం. వాడు తాగింది మందు కొట్టులో కొన్న సీసాలే. కానీ పొద్దంతా ఆ ఘాటు పీల్చి బయటికొస్తే గొంతు మందుకోసం పీకేదట. అందుకే తాగుడు మాన్పించిన ఆసుపత్రిలో డాక్టరమ్మ, మా ఇంటికి పంపేముందు, ఆ వాసనకు దూరంగా ఉండమంది. వేరే పని వాడికి రాదు. పాత పాలిష్ కొట్టులోనే, బయట వసారాలో కూర్చుని ఉప్పుకాగితంతో చెక్కలు నున్నగా రుద్దే పనికి ఒప్పుకున్నాడు. కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే పని అది. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా చెక్కపొడే.

ఒకరోజు క్యారియర్ మరిచిపోతే నేనే పట్టుకెళ్ళాను.

"ఏం గురూ, ఉప్పుకాగితం నిషా ఎక్కించట్లేదా?" అని లోపలినుంచి ఒకడు అరిచాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు.

యజమాని గుమ్మంలోకి వచ్చాడు. "లోపలికి రావయ్యా. పెద్ద బల్ల ఒకటుంది, నీ చెయ్యే పడాలి. వాసనకే పడిపోతావా ఏంటి?"

"పడిపోతానండి," అన్నాడు మావాడు, తలెత్తకుండా, రుద్దుతూనే.

ఆ ఒక్క మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆ ఇకిలించేవాళ్ళకేం తెలుసు! క్యారియర్ తీసి వాళ్ళ నెత్తిన బోర్లించాలనిపించింది. మావాడు ఆకలితో ఉంటాడని ఊరుకున్నాను.

వీళ్ళందరినీ తలదన్నినవాడు వాడి బావమరిది. నా మరదలు పిల్లను తీసుకుని వాడింట్లోనే, తన తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఆవిణ్ణి నేనేమీ అనను, పడాల్సినవన్నీ పడింది. మొగుడు తాగకుండా నిలబడితే తిరిగొస్తానంది. నిలబడ్డాడో లేదో చూసే పెత్తనం మాత్రం ఈ పెద్దమనిషి నెత్తికెత్తుకున్నాడు. టైర్ల కొట్టులో పని ముగించుకుని, రోజూ సాయంత్రం మా గుమ్మంలో దిగబడి, "బావగారూ, ఊదండి," అంటాడు. మావాడు చేతులు కట్టుకుని వాడి మొహం మీద ఊదుతాడు. తనకంటే చిన్నవాడి ముందు! ఇంతా చేసి ఆ బావమరిది ఇంటికెళ్ళి రెండు గ్లాసులు దించనిదే పడుకోడు. అదేంటయ్యా అంటే, "నాది కొలత ప్రకారం వదినగారూ," అంటాడు.

మరొకరోజు కొట్టులో తలుపు మోసుకెళ్తున్నవాడి కాలు తగిలి స్పిరిట్ డబ్బా వసారాలో బోర్లాపడింది. మావాడి ప్యాంటు మోకాళ్ళదాకా తడిసిపోయింది. కుళాయి కింద సబ్బుతో రుద్దుకున్నా ఆ కంపు వదల్లేదు. ఇంటికొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ఈ బట్టలు తీసుకెళ్ళి దూరంగా ఎక్కడన్నా పడెయ్. నోట్లో నీళ్ళూరుతున్నాయి," అన్నాడు.

నేను లుంగీ కోసం లోపలికి తిరిగానో లేదో, బావమరిది దిగాడు. గుమ్మం దగ్గరే ముక్కు పైకెత్తాడు.

"ఊదండి."

మావాడు ఊదాడు.

"గుప్పుమంటోంది కదండీ!"

"అది నా ప్యాంటు నుంచి."

"ఓహో, ప్యాంటు తాగిందా?"

"ఏమయ్యా, కుక్కకున్నపాటి ముక్కు కూడా లేదా నీకు?" అన్నాను. "స్పిరిట్‌కీ సారాకీ తేడా నీకు తెలియదూ! రోజూ చప్పరిస్తున్నావుగా?"

వాడు అక్కడే నిలబడి ఫోను తీసి, "అక్కా, నేను చెప్పలేదూ, మళ్ళీ మొదలెట్టాడు," అని మా మరదలికి చెప్పేసి, బండెక్కి పోయాడు.

మావాడు చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికిరా?"

"ఎలాగూ తాగాడనే అంటున్నారు కదక్కా."

మా వీధి మలుపులోనే మందు కొట్టు. నా మోకాళ్ళు ఎక్కడికీ కదలనివ్వవు, కానీ ఆ రోజు ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. చొక్కా వెనక పట్టుకున్నాను. కొట్టు లైట్లు వాడి మొహం మీద పడుతున్నాయి.

"తాగాలని ఉంటే తాగు, నీ ఖర్మ. ఆ టైర్లవాడి మాట నిజం చెయ్యడానికి మాత్రం తాగకు! వాడి మాట గెలిపించడానికి నిన్ను చంకనేసుకు పెంచానా? ఆ ముక్కుకి మెడల్ కావాలా? వెధవ... వాడి బండి చక్రం ఊడ!"

అరిచి అరిచి ఆయాసంతో ఆగాను. వాడు కదల్లేదు.

"ఆపకక్కా," అన్నాడు. "తిడుతూ ఉండు. కాసేపు దాటితే ఈ యావ దిగిపోతుందని ఆసుపత్రిలో చెప్పారు."

నా జన్మలో నన్ను తిట్టమని అడిగినవాళ్ళు లేరు. ఇక దొరికినవాణ్ణి దొరికినట్టు ఉతికాను. బావమరిదిని, పాలిష్ కొట్టు యజమానిని, నవ్వినవాళ్ళను, ఇస్త్రీవాణ్ణి, పక్కింటావిణ్ణి, ఆవిడ ముక్కుని. వాడి చెయ్యి పట్టుకుని, తిడుతూనే కొట్టు ముందునుంచి తిప్పి ఇంటివైపు నడిపించాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ. గొంతు పోయేసరికి మా గుమ్మంలో ఉన్నాం. వాడు లోపలికెళ్ళి స్నానం చేసి, పిలవకుండానే వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున మా మరదలు ఒక్కతే వచ్చింది. లోపలికి రాకుండా గడప మీదే నిలబడింది.

"తాగావా?" అంది.

"లేదు. కానీ మీ తమ్ముడికి ఇక ఊదను. నీక్కూడా ఊదను. అడుగు, చెప్తాను."

ఆవిడ చాలాసేపు వాడి మొహంలోకి చూసింది. దగ్గరికి జరగలేదు, ముక్కు ఎగబీల్చలేదు.

"పిల్ల పరీక్షలయ్యాక వస్తాం," అంది.

"అయ్యాకా!" అని అందుకున్నాను నేను, బొంగురు గొంతుతోనే. "ఆ పరీక్షలేవో ఇక్కడ కూర్చుని రాయదా? ఇక్కడ వెలుతురు లేదా, బల్ల లేదా?"

"నువ్వుండక్కా," అన్నాడు మావాడు. క్యారియర్ అందుకుని, పెళ్ళాం పక్కనుంచి తప్పుకుని, ఉప్పుకాగితం రుద్దుకోవడానికి పోయాడు.