గడి, కడి, కట్టం

ఎనభైల్లో, తమిళనాడు ధర్మపురిలోని ఒక కాలేజీకి ఫిజిక్సు చెప్పే ఉద్యోగం కోసం వెళ్లాను. ముందు ఒక క్లాసు చెప్పి చూపించాలి. డిపార్టుమెంటు హెడ్డు చివరి బెంచీలో కూర్చుని వింటారు. ఆయనకు నచ్చితేనే ఉద్యోగం. నేను గొప్పకు పోయి, పదార్థానికి ఉన్నట్టే స్థలానికి, అంటే స్పేసుకు కూడా, ఇక కోయడానికి వీల్లేనంత చిన్న ముక్కలు ఉండవచ్చుననే ఊహను ఎంచుకున్నాను.

మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పాఠం తమిళంలోనే సాగింది. అమ్మతో ఆడే అష్టాచెమ్మా గుర్తొచ్చి బోర్డు మీద గడులు గీశాను. కాయ ఈ గడిలో ఉంటుంది, లేదంటే పక్క గడిలో. రెంటి నడుమ దానికి చోటే లేదు. స్థలమూ అలాంటిదే కావచ్చు. ఇంత చక్కగా చెప్పి, గడిని తమిళంలో "కట్టం" అంటారని మరిచి, "లోకమంతా గడి" అని ముగించాను.

పిల్లల చెవికి అది "కడి" అయింది. తమిళంలో కడి అంటే కాటు; కుర్రకారు నోట, నవ్వు రాని జోకు.

"యారు కడిచ్చా, సార్?" అన్నాడొకడు. ఎవరు కరిచారని! క్లాసంతా గొల్లుమంది. కట్టం మరిచినందుకు నాకు కష్టం మిగిలింది.

గంట కొట్టాక హెడ్డు నా దగ్గరికి వచ్చి తెలుగులో అడిగారు: "ఏమప్పా, మీ ఇంట్లో గూడా తెలుగేనా? మా అవ్వ పోయినాక గడి అనే మాట ఈ పొద్దే వింటి. పాఠం బాగా చెప్పినావు. సోమవారం నుంచి రా. కట్టం అనేది మాత్రం నేర్చుకోని రా."

నేర్చుకున్నాను. అయినా పిల్లలు నన్ను కడి సారనే పిలిచారు. నా జోకులు విన్నాక, ఆ పేరు మార్చవలసిన అవసరం వాళ్లకు కనిపించలేదు.