సముద్రం వెనక్కి వెళ్లిన కథ

షాహీన్ తెనాలిలో కాపురముంటూ రేపల్లెలో పాఠాలు చెప్పేది. ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచరు. పొద్దున పాసింజరు బండిలో వెళ్లి సాయంత్రం బండికి తిరిగొచ్చేది. రెండు పూటలా చేతిలో పుస్తకం ఉండాల్సిందే. అదీ ఒకే రకం: పరాయి దేశాల సైన్సు కథలు. చిన్నప్పుడు తండ్రి యాకూబ్ పుస్తకాల వ్యాను దగ్గర కొనిచ్చిన అంతరిక్ష కథలతో మొదలైంది ఆ పిచ్చి. రష్యన్ నుంచి తెలుగులోకి వచ్చిన కథలవి. తెలుగులో దొరికినవి అయిపోయాక ఇంగ్లీషులోకి అనువాదమైనవి వెతుక్కుంది. విజయవాడ వెళ్లినప్పుడల్లా పాత పుస్తకాల కుప్పల్లోంచి పోలెండువో, హంగరీవో, జపానువో పట్టుకొచ్చేది.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక స్టాఫ్ రూములో ఆ కథలు తెలుగులో చెప్పేది. లెక్కల టీచరు అపర్ణకు చెవులెప్పుడూ అటే. ఆయా కొండమ్మ కూడా గుమ్మంలో కూర్చుని వినేది. ఒక జపాను కథంటే ఇద్దరికీ వల్లమాలిన ఇష్టం. సముద్రం అడుగున ఏదో ఉంటుంది. ప్రాణమో, యంత్రమో రచయిత చెప్పడు. ఎప్పుడో ఒకసారి అది ఊపిరి పీల్చుకుంటుంది. అప్పుడు నీళ్లు వెనక్కి పోతాయి. ఇసుకలో చేపలు మిగిలిపోతాయి. దీవిలో జనమంతా బుట్టలు తీసుకుని పరిగెత్తుతారు.

"ఊపిరి వదిలాక ఏమవుద్ది మేడం?" అని అడిగింది కొండమ్మ.

"అక్కడే ఆపేశాడు కొండమ్మా."

"ఇదేం కథండీ! సగంలో భయపెట్టి పోతాడా?"

2004 డిసెంబరులో, ఆఖరి ఆదివారం పౌర్ణమి అయింది. సముద్రస్నానానికి వెళ్దాం రమ్మని అపర్ణ తన పుట్టిల్లు బాపట్లకు పిలిస్తే షాహీన్ శనివారమే వెళ్లింది. ఆదివారం తెల్లవారాక వంటింటి అరలో గ్లాసులు సన్నగా గలగలమన్నాయి.

"లారీ పోయినట్టుందే" అంది అపర్ణ తల్లి కామేశ్వరమ్మ.

షాహీన్ కిటికీలోంచి చూసింది. వీధిలో ఏ లారీ లేదు.

ముగ్గురూ ఆటోలో దగ్గర్లోని ఒక పల్లెపాలేనికి వెళ్లారు. తీరం నిండా ఆడవాళ్లే. కామేశ్వరమ్మ స్నానం ముగించి పసుపు కుంకుమలు నీళ్లలో వదులుతోంది. ఉన్నట్టుండి ఆమె కాళ్ల దగ్గర నీళ్లు లేవు. అలలు రావడం మానేశాయి. సముద్రం చప్పుడు లేకుండా జరిగిపోతోంది. ఎప్పుడూ ఎండ తగలని ఇసుక బయటపడి నల్లగా మెరిసింది. అందులో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. జనం కేకలు వేస్తూ, కొంగుల్లో పట్టుకోవడానికి లోపలికి పరిగెత్తారు.

"షాహీన్! అచ్చం నీ కథలాగే ఉందే!" అని అపర్ణ నవ్వింది. తను కూడా నాలుగడుగులు ముందుకేసింది.

షాహీన్‌కు కథలో చదివింది నిజమనుకుని అరిస్తే ఇంతమందిలో నవ్వులపాలవుతానేమో అని సిగ్గేసింది. మరుక్షణం ఆ సిగ్గు ఎటు పోయిందో, గొంతు చించుకుంది.

"వెనక్కి రండి! అందరూ వెనక్కి రండమ్మా!"

చేపలు ఏరుకుంటున్న ఒక పసుపు చీర ఆవిడ తలెత్తి, "ఏంటమ్మా, పిచ్చిగానీ పట్టిందా?" అంది. షాహీన్ ఒక చేత్తో అపర్ణను, ఇంకో చేత్తో కామేశ్వరమ్మను పట్టుకుని సరుగుడు తోపు వైపు ఈడ్చుకెళ్లింది. వాళ్లు చెట్లలోకి చేరేలోపే నీళ్లు నడుముల దాకా వచ్చి కొట్టాయి. ముగ్గురూ మానులను కావలించుకుని బతికారు. నీళ్లు తీసిన తర్వాత పసుపు చీర ఆవిడ కోసం షాహీన్ తీరమంతా వెతికింది. కనబడలేదు.

సోమవారం నుంచి అపర్ణ కనబడినవాళ్లకల్లా చెప్పింది, షాహీన్‌కు ముందే తెలుసని. ప్రాణం దక్కిన కృతజ్ఞతతో చెప్పిన మాటే అది. రేపల్లెలో మాత్రం అది వేరే రూపం ఎత్తింది. బడి గేటు దగ్గర తల్లిదండ్రులు ఆమెను ఆపి, గొంతు తగ్గించి అడగసాగారు.

"మేడం, ఆ పుస్తకంలో ఇంకేం రాసుందండి?"

"అవి కథలండి. ఎవరో ఊహించి రాసినవి."

"మీరట్టాగే అంటారులెండి."

గురువారం, సముద్రం మళ్లీ వస్తోందని టీవీలో చెప్పారు. జనం బడి మీదికి వచ్చిపడ్డారు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు పిల్లల దగ్గరికి కాక ముందు షాహీన్ దగ్గరికి వచ్చారు. హెడ్మాస్టరు భరద్వాజ కూడా ఆమెను పక్కకు పిలిచి, "మీరేమంటారు మేడం?" అన్నాడు.

"నాకు తెలియదండి. నిజంగా తెలియదు."

"చెప్పట్లేదంటే వస్తుందన్నమాటే!" అని గుంపులో ఎవరో అన్నారు. ఆ మాట గేటు దాటి వీధిలో పడింది. కాసేపటికి ఊరంతా ఆటోలు, ట్రాక్టర్లు. ఒక ట్రాక్టరు ట్రక్కులో చోటు లేకపోయినా కొండమ్మ అంచు పట్టుకుని ఎక్కింది. షాహీన్ వైపు తిరిగి, "మీరూ వచ్చేయండి మేడం, అది ఊపిరి వదులుద్ది!" అని అరిచింది. ఊరి బయట కాలవ మలుపులో ట్రక్కు ఒరిగింది. కొండమ్మ కిందపడి మళ్లీ లేవలేదు.

ఆ రోజు సముద్రం రాలేదు.

పదిరోజుల తంతు ముగిశాక కొండమ్మ భర్త దావీదు బడికి వచ్చాడు. తిట్టడానికి వచ్చాడేమోనని షాహీన్ లేచి నిలబడింది. అతను నేల మీద కూర్చున్నాడు.

"ఆ కథ ఇంటికొచ్చి నాకూ చెప్పేదమ్మా. అందులో ఏం రాసుందో ఒకసారి సదివి చెప్పండి."

షాహీన్ పుస్తకం తీసి, ఒక్కో వాక్యమే తెలుగు చేస్తూ మొత్తం చదివింది. దావీదు ఆఖరిదాకా కదలకుండా విన్నాడు.

"ట్రాక్టరు లేదుగా ఇందులో" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడాది పరీక్షలయ్యాక షాహీన్ రేపల్లె ఉద్యోగం మానేసి తెనాలిలోనే ఒక బడిలో చేరింది. భర్త నాగూర్ బాషా ఆ పుస్తకాలు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. ఇవ్వలేదు. చదవడం మానలేదు, చెప్పడం మానేసింది. అపర్ణ ఎన్నిసార్లు అడిగినా మాట మార్చేది.

2006 అక్టోబరులో తుఫాను పట్టింది. పట్టపగలే ఇంట్లో లైటు వేసుకుని షాహీన్ ఒక హంగరీ కథ చదువుకుంటోంది. ఫోను మోగింది. గాలి హోరులో ఎవరో మగగొంతు.

"షాహీన్ మేడంగారాండి? రేపల్లె అవతల నుంచండి. ఇప్పుడేం చదువుతున్నారండి?"

ఆమె పుస్తకం మూసేసింది.

"ఏమీ చదవట్లేదండి."

"అయితే భయమేం లేదన్నమాట. అందర్నీ బడి బిల్డింగులోకి పొమ్మంటున్నారు. మేం ఇంట్లోనే ఉంటాంలెండి, మేడం."

"లేదు లేదు, వెళ్లండి! బడికి వెళ్లిపోండి! వినబడుతోందా?"

లైను తెగిపోయింది. ఆ సాయంత్రమంతా ఆమె ఫోను పక్కనే కూర్చుంది. నీళ్లు తీశాక భర్తను వెంటబెట్టుకుని రేపల్లె, ఆ అవతలి ఊళ్లు వెళ్లి, తెలిసిన ప్రతి ఇంటి తలుపూ తట్టింది. ఫోను చేసింది మేమేనని ఎవరూ అనలేదు. కొన్ని ఇళ్లకు గోడలు లేవు. అక్కడ అడగడానికి మనిషి కూడా లేడు.