అంచు పుస్తకాల వల్లెమ్మక్క

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్.

వల్లెమ్మక్క పోయిందన్నారు.

ఏ వల్లెమ్మ అని అడిగాను. నిజంగానే అడిగాను. మొన్న సాయంత్రం లైబ్రరీకి తాళం వేసి, నా షాపు ముందు ఆగి, "వస్తానప్పా మురళీ" అని చెయ్యి ఊపి వెళ్ళిన మనిషి.

నిద్రలోనే గుండె ఆగిందట.

ఎదురుగా చూస్తే లైబ్రరీ గేటు దగ్గర అప్పటికే ఇద్దరు పిల్లలు. మేడం వస్తుంది, తాళం తీస్తుంది అని ఎదురు చూస్తున్నారు. వాళ్ళకి చెప్పడానికి రోడ్డు దాటలేకపోయాను.

ఆమె తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. చిత్తూరులో మా వీధి లైబ్రరీకి ఆమె లైబ్రేరియన్. పుట్టిల్లు నగరి, మగ్గాల ఇల్లు. నాది లైబ్రరీకి ఎదురుగా సెల్‌ఫోన్ రిపేర్ షాపు. నాకు అక్క కాదు. కానీ ఇన్నేళ్ళలో వేరే పిలుపు నోటికి రాలేదు.

పిల్లల పుస్తకాలంటే ఆమెకి పిచ్చి. వేరే మాట లేదు. కొత్తవి ఏం వచ్చాయి, దేనికి అవార్డు ఇచ్చారు, ఎప్పుడూ అదే ధ్యాస. అవార్డులు చెప్పే రోజు ఇంట్లో పిల్లలకి టెన్త్ రిజల్ట్స్ అన్నంత టెన్షన్. లైబ్రరీలో సిగ్నల్ రాదు. అందుకని నా షాపులోకి వచ్చి, కస్టమర్లని పక్కకి జరిపి మరీ, "సూడప్పా, ఎవురికొచ్చిందో సూడు" అని నా ప్రాణం తీసేది.

ఒకసారి ఆమె ముందే చదివి, పిల్లలందరి చేతా చదివించిన పుస్తకానికే వచ్చింది. అంతే. మైసూర్‌పాక్ డబ్బా తెచ్చి వీధంతా పంచింది.

టీ కొట్టు రమణన్న అడిగాడు. "ఏమక్కా, మనవడు పుట్టినాడా?"

"కాదప్పా, పిల్లకాయల పుస్తకానికి ప్రైజొచ్చినాది!"

"రాసినోళ్ళు మీ సుట్టాలా?"

"మొకం గూడా సూడలేదు. ఇంకోటి తీసుకో."

రమణన్న నా వైపు చూశాడు. నేను తల వంచుకుని స్క్రూలు వెతుక్కున్నాను, నవ్వు ఆపుకోలేక.

ఇంకో అలవాటు ఉండేది ఆమెకి. నగరి నుంచి తమ్ముడు చీర అంచు ముక్కలు పంపేవాడు. జరీ అంచులు. మైదా ఉడికించి, ఆ ముక్కల్ని పుస్తకం వీపుకి అంటించేది. అన్నిటికీ కాదు, ప్రైజు వచ్చిన వాటికే. మామూలు పుస్తకాలకి బ్రౌన్ పేపరే.

"ప్రైజొస్తే కొత్త చీర పెట్టొద్దా మనం?" అనేది.

బీరువాలో దూరం నుంచే మెరిసేవి. పిల్లలు పుస్తకం పేరు అడిగేవాళ్ళు కాదు. "మేడం, అంచు పుస్తకం వచ్చిందా?" అంతే.

మా అమ్మాయి భవ్య ఫోన్ తప్ప ఏదీ ముట్టని పిల్ల. ఎన్ని తిట్టినా లాభం లేకపోయింది. ఆ మెరుపు చూసే మొదటి పుస్తకం తెచ్చుకుంది. ఇప్పుడు అన్నం తింటూ కూడా చదువుతుంది, నేనే పుస్తకం పక్కన పెట్టమని తిడుతున్నా.

అయినా లైబ్రరీలో ఆ పిల్లల పుస్తకాల రూము మీద అందరి కన్నూ ఉండేది. ఒకరోజు పెద్ద సారు ఎవరో వచ్చారు. ఈ కాలంలో కథల పుస్తకాలు ఎవరు చదువుతారమ్మా, ఈ రూము ఖాళీ చేస్తే పోటీ పరీక్షలవాళ్ళకి కుర్చీలు వేసుకోవచ్చు కదా అన్నారట.

"నేనుండేదాకా ఈ రూము ఇట్లనే ఉంటాది సార్" అందట.

నాకు చెప్పి గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటకి గడువు ఉందని ఇద్దరికీ తట్టలేదు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాం. భవ్య వస్తానని ఏడ్చింది, తీసుకెళ్ళాను. బయట షామియానా కింద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఇంక ఆ రూము ఖాళీ చేయించొచ్చు, అడ్డం చెప్పేవాళ్ళు లేరు అని. ఇంకా శవం కూడా లేవలేదు. కొట్టాలనిపించింది. కొట్టలేదు. చేతకానివాడిలా నిలబడ్డాను.

అప్పుడే నగరి నుంచి తమ్ముడు వచ్చాడు, పుట్టింటి చీర తీసుకుని. సొంత మగ్గం మీద నేసిన చీర. నన్ను పట్టుకుని ఏడ్చేశాడు.

"ఈసారి ప్రైజొచ్చిన పుస్తకానికి అంచు ముక్క పంపమని మొన్న ఫోన్ చేసింది అబ్బా. ముక్క అడిగింది నన్ను. చీర తెచ్చినాను."

ఆ చీర ఆమె మీద కప్పారు. అదే జరీ అంచు. బీరువాలో మెరిసేదే.

భవ్య నా చెయ్యి లాగింది.

"నాయనా, మేడంకి గూడా ప్రైజొచ్చినాదా?"



వచ్చిందమ్మా అన్నాను. అబద్ధం చెప్పాను. ఆమెకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఒక శాలువా కూడా కప్పలేదు.

ఈరోజు లైబ్రరీ తెరవలేదు. ఈ సంవత్సరం ప్రైజు పుస్తకం ఆమె టేబుల్ మీదే ఉంది, కిటికీలోంచి కనిపిస్తోంది. అంచు లేకుండా.

అక్కా, ఆ రూముని కాపాడతామని మాట ఇచ్చే ధైర్యం నాకు లేదు. మా వల్ల అవుతుందని నమ్మకం కూడా లేదు. ఆ దిగులు ఈడనే వదిలేసి పో.

నువ్వన్నా నిమ్మళంగా ఉండు వల్లెమ్మక్కా.