అద్దాల పెట్టెలో జ్ఞానమణి కళ్లజోడు

మౌలాలిలో చెల్లెలి మనవరాలి బాప్తిస్మం చూసుకుని, నాలుగు రోజులకు జ్ఞానమణి మెట్టుగూడకు తిరిగొచ్చేసరికి, ఆమె గది గుమ్మానికి అడ్డంగా ఎర్రతాడు కట్టి ఉంది. తాడుకు అవతల ఆమె మంచం, ఆమె పొయ్యి, దండెం మీద ఆమె ఆరేసిన చీర. ఇవతల జనం, ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్నారు.

జనాన్ని తప్పించుకుంటూ తాడు దాకా వచ్చింది.

ఇల్లు ఆమెది కాదు. నవలలు రాసి పేరు గడించిన రామ్మోహనరావు గారిది. తన భర్త చనిపోయిన ఏడాదే ఆమె ఆ ఇంట్లో వంటకు కుదిరింది. ఉప్పెక్కువైందని పళ్లెం నెట్టేసి, సాయంత్రానికి మళ్లీ అదే కూర అడిగే మనిషి ఆయన. అన్నీ భరించింది. ఆయన పోయాక సర్కారు ఆ ఇంటిని మ్యూజియం చేస్తానంది. "నువ్వేడికి పోతవమ్మా, ఈడనే ఉండు" అన్నాడు కమిటీ కార్యదర్శి రాఘవేందర్. ఆ ఒక్క మాట నమ్ముకుని వెనకగదిలో ఉండిపోయింది. ముందు గదులకు రంగులు వేస్తున్నా, పుస్తకాలకు బీరువాలు చేయిస్తున్నా, తన గది జోలికి ఎవరూ రారనుకుంది.

గోడకు కొత్త బోర్డు ఒకటి. చదువుదామంటే కళ్లజోడు లేదు. బయల్దేరే తొందరలో మరిచిపోయింది. అదిప్పుడు గదిలోనే అద్దాల పెట్టెలో, ఆమె బైబిలు పక్కన పడుకుని ఉంది.

"ఏం రాసిండ్రు బిడ్డా?" అని పక్కనున్న కాలేజీ పిల్లను అడిగింది.

లాస్య అనే ఆ పిల్ల గడగడా చదివింది. "మహారచయితకు చివరిదాకా వండిపెట్టిన జ్ఞానమణి ఈ గదిలోనే జీవించింది. ఇవి ఆమె వాడిన వస్తువులు." చదివి, "పాపం, ఎప్పుడు చనిపోయిందో రాయలే ఆంటీ" అంది.

"నేనే జ్ఞానమణిని."

లాస్య ఫోను దించేసింది. ఇంతలో రాఘవేందర్ ఉరుక్కుంటూ వచ్చాడు.

"అమ్మా, జెర ఆగు. కమిటీ పెద్దసార్లకు ఈ గదే బాగా నచ్చింది. ఎట్లున్నది అట్లనే ఉంచుమన్నరు. ఓపెనింగ్ సుత నిన్ననే అయిపోయింది."

"అన్ని ఉంచిన్రు. మరి నన్నేడ ఉంచుతరు?"

"చెల్లె ఇంట్లనే ఉండిపోతవనుకున్న. మ్యూజియంల రాత్రిపూట ఎవరు పండొద్దు. రూల్ గట్లున్నది. పరేషాన్ గాకు..."

"పోయొస్తా అని నీకు చెప్పే పోయిన గద సారూ. నేను పోయింది బాప్తిస్మానికి. సమాధికి కాదు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. జ్ఞానమణి నవ్వలేదు. తాడు కిందినుంచి వంగి లోపలికి వెళ్లింది. అద్దం మూత ఎత్తి, కళ్లజోడు తీసి పెట్టుకుంది.

"ఎగ్జిబిట్లు ముట్టద్దమ్మా!" అంటూ రాఘవేందర్ ఆమె చెయ్యి పట్టబోయాడు.

"బోర్డు మీద ఉన్నది నా పేరే. నేను సుత ఎగ్జిబిట్టే. నన్ను ముట్టకు."

ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. రాఘవేందర్ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి పెద్దసారుకు ఫోన్ చేశాడు.

"సార్, వంటామె వచ్చింది... ఆ, బోర్డు మీదున్న ఆమెనే... లేదు సార్, చావలే. బతికే ఉన్నది. గదిలనే ఉన్నది."

"రాత్రికి సుత ఈడనే ఉంటదని చెప్పు" అని లోపలినుంచి గట్టిగా అరిచి, జ్ఞానమణి బియ్యం కడగడానికి గిన్నె తీసుకుంది.