పీట పట్టుకొని కబడ్డీకి పోయిన

మా ఆయన బతికున్నప్పుడు కబడ్డీ చూడనీకి పైసా అక్కరలేకపోయేది. చెలకల సున్నంతోని గీతలు గీస్తే, చుట్టూ మట్టిలనే కూసునేటోళ్లం. ఆయన పోయిండు గని నాకు ఆ పిచ్చి పోలే. మొదలు పది రూపాయల టికెట్ పెట్టిన్రు, తర్వాత యాభై. మొన్న భద్రాచలంల ఫైనల్‌కు కుర్చీ టికెట్ మూడు వందలంట! మా ఊరి జట్టు ఫైనల్‌కు రావుడు ఇదే మొదలు. ఎట్లన్న చూడాలె.

కుర్చీకే గద టికెట్ అనుకొని, ఇంట్ల పీట చంకల పెట్టుకొని బస్సెక్కిన. గేటు కాడ టికెట్లు చూసేటాయన నవ్వాపుకోలేకపోయిండు.

"అవ్వా, పీట తెస్తే టికెట్ ఉండదా ఏంది?"

"నీ కుర్చీల నేను కూసోను. ఇగ దేనికియ్యాలె?"

"ఆట చూస్తవు గదనే!"

"అంటే నా కండ్లకు గూడ కిరాయా, కొడుకా?"

ఎనక లైన్ల ఉన్నోళ్లంత పకపక నవ్విన్రు. గంతలనే లోపల విజిల్ కొట్టిన్రు. నా పౌరుషం ఏడికి పాయెనో! రైకలు కుట్టిపిచ్చుకుందామని కొంగున కట్టుకున్న పైసలు ఇప్పి ఆయన చేతుల పెట్టిన.

లోపల కుర్చీ ఇచ్చిన్రు గని ఒక్క నిమిషం కూసుంటే ఒట్టు. పీట మీద నిలబడి గొంతు పోయేదాక అరిసిన. ఆఖరు కూతకు పోయిన మా ఊరి పిలగాడు ముగ్గురిని తాకి గీత మీద వచ్చి పడ్డడు. గెలిసినం! పక్కనున్న సారు ఎవరో తెల్వదు, ఆయనను గట్టిగ పట్టుకొని ఎగిరిన. ఆయన కండ్లద్దాలు కిందవడ్డయి. తిడతడనుకున్న. ఆయన గూడ ఎగురుతనే ఉన్నడు.