మొదటి పొరుగు

మార్సెలీన్ పుట్టింది పువెయ్ ఇంట్లో. అందుకని ఎనభై ఒకటో ఏట కూడా ఆమె పువెయ్ మార్సెలీనే. ఇల్లరికం వచ్చిన మొగుడు కూడా ఆ ఇంటి పేరుతోనే బతికి, ఆ పేరుతోనే పోయాడు. పిల్లలు కలగలేదు. ఫ్రాన్సు దక్షిణాన మా బెయార్న్ సీమలో మనిషికి పేరిచ్చేది ఇల్లు, పొరుగునిచ్చేదీ ఇల్లే. పువెయ్ వాళ్లకు మొదటి పొరుగు లబార్ వాళ్లు, లబార్ వాళ్లకు వీళ్లు. ఒక ఇంట్లో చావు జరిగితే చర్చి గంట కొట్టించడం, సిలువ మోయడం, కొట్టంలో పశువులకు కబురు చెప్పడం దాని మొదటి పొరుగింటివాళ్ల వంతు. సొంతవాళ్లు కూర్చుని ఏడవాలి, అంతే.

ఆ లెక్కన మార్సెలీన్ లబార్ ఇంటి నుంచి ఐదుగురిని సాగనంపింది. ఆరోవాడు ఎవారిస్త్, పెళ్లీ పెటాకులూ లేనివాడు, ఆ ఇంటికి ఆఖరివాడు. కాలువ నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి ముప్పై ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

మంగళవారం పొద్దున్నే రొప్పుకుంటూ నా దగ్గరికొచ్చింది. ఊళ్లో గంట కొట్టేది నేనే.

"లబార్ పోయాడు. కొట్టరా."

"మీకు మాటల్లేవు కదత్తా. ఇంకెవరినైనా పంపకపోయావా?"

"మాటల్లేంది నాకూ వాడికీ. ఇంటికీ ఇంటికీ కాదు. వాగింది చాలు, తాడు పట్టుకో."

గంట కొట్టి, ఆమెతోపాటు గుట్టెక్కాను. పది అడుగులకోసారి ఆగింది. ఆ మోకాళ్లను చూస్తే నాకే నీరసం వచ్చింది.

లబార్ కొట్టంలో ఆవులను ఒక్కొక్కదాన్నే తట్టి లేపింది. "మీ యజమాని పోయాడమ్మా," అని మా భాషలో చెప్పింది. పశువులతో ఫ్రెంచి మాట్లాడేవాళ్లు మాలో లేరు.

బయటికొచ్చి రాతిమీద కూలబడింది.

"వాడి మేనల్లుడు ఈ ఇల్లు వేసవికొచ్చే పట్నం వాళ్లకి అమ్మేస్తాడు. రేపు నేను పోతే నా ఆవులకి చెప్పేదెవరురా?"

"నేను చెప్తాలే అత్తా."

"నీ ఇల్లు వాగవతల. నువ్వు చెప్తే చెప్పినట్టా?"

మా పట్టింపులంటే నాకెప్పుడూ ఒళ్లు మంటే. కానీ కాదనలేకపోయాను. వాగవతలివాడు చెప్పడమన్నది మేమెవరమూ ఎరగం.

ఆమె లేచి నేరుగా తన కొట్టంలోకి నడిచింది. నాలుగు ఆవులు. నాలుగింటినీ తట్టి లేపింది.

"వినండే. పువెయ్ ఇల్లాలు పోయింది. రేపు మీకు చెప్పేందుకెవరూ రారు, అందుకే ఇప్పుడే చెప్తున్నా."

నాకు ఏడుపాగలేదు. ఆమె మాత్రం పీట లాక్కుని పాలు పితకడానికి కూర్చుంది.